చెప్పులతో పరుగెత్తిన దూరం

దసరాకు ముందు రోజు పొద్దున విక్టోరియా మెమోరియల్ హోం గ్రౌండులో ఐదో రౌండు తిరుగుతుండగా సంధ్యారాణికి ఎడమకాలి ముందరి ఎముకలో మొదటిసారి నొప్పి తెలిసింది. పెద్ద నొప్పేమీ కాదు. మోకాలికీ చీలమండకూ మధ్య, బొటనవేలితో కప్పితే సరిపోయేంత చోట, లోపలినుంచి ఎవరో మెల్లగా పొడుస్తున్నట్టు ఉంది. ఆరో రౌండులో తగ్గింది. ఏడో రౌండులో మళ్ళీ వచ్చింది. ఎనిమిదీ పూర్తిచేసి, గోడ పక్కకు వచ్చి షూ విప్పి, మట్టి దులిపి, గుడ్డసంచిలో పెట్టుకుని చెప్పులు వేసుకుంది.

"ఏంటే, ఇవాళ ముసలిదానిలా వంగుతున్నావ్?" అని అడిగింది సూర్యప్రభ.

"ఏం లేదు ఆంటీ."

సూర్యప్రభకు నలభై ఎనిమిదేళ్ళు. తెనాలి దగ్గరి ఊరు. పెళ్ళయి కొత్తపేటకు వచ్చి ఇరవై రెండేళ్ళయింది. ఇంట్లోనే పదో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతుంది. రెండేళ్ళ కిందట షుగరు పరీక్షకని దిల్‌సుఖ్‌నగర్‌లో ల్యాబుకు వచ్చినప్పుడు ఆమె రక్తం తీసింది సంధ్యారాణే. సూది గుచ్చుతుంటే చూడలేక సూర్యప్రభ ఆపకుండా మాట్లాడింది. డాక్టరు రోజూ నడవమన్నాడనీ, మా ఆయన ఏడింటిదాకా లేవడనీ, తెల్లవారుజామున ఒక్కదాన్నీ గ్రౌండుకు పోవాలంటే కుక్కల భయమనీ చెప్పుకొచ్చింది. అంతా విని, దూది నొక్కిపెట్టి, "నేనొస్తా ఆంటీ" అంది సంధ్యారాణి. ఆ పూటంతటికీ ఆమె నోటినుంచి వచ్చిన పెద్ద మాట అదే.

అలా నడకతో మొదలైంది. గ్రౌండులో రోజూ కనబడే రామస్వామి సారు వాళ్ళను పరుగులోకి దించాడు. ఆయన నకిరేకల్ వైపు సర్కారు బడుల్లో ముప్పై ఏళ్ళు ఆటల మాస్టారుగా చేసి రిటైరై కొడుకు దగ్గర ఎల్బీ నగర్‌లో ఉంటున్నాడు. ఎవరూ అడగకపోయినా గ్రౌండు చుట్టూ టేపు పెట్టి కొలిచి రౌండుకు ఏడు వందల మీటర్లని తేల్చినవాడు. ఈ ఏడాది నవంబరు ఆఖరి ఆదివారం నెక్లెస్ రోడ్డు మీద పది కిలోమీటర్ల పరుగు ఉందని తెలిసి, ఇద్దరి పేర్లూ ఆయనే ఇచ్చి, ఇద్దరికీ చెరో నోటుబుక్కు పంచాడు. ఏ రోజు ఎంత పరుగెత్తారో అందులో రాయాలి. వారం చివర ఆయన చూసి సంతకం పెడతాడు. షూ గురించి కూడా ఆయనకు ఒక లెక్క ఉంది. ఒక జత ఆరు వందల కిలోమీటర్లకు మించి పనికిరాదనీ, ఆ తర్వాత అడుగున మెత్తదనం పోయి మోకాళ్ళకు చేటనీ చెప్పాడు. ఆ మాట సంధ్యారాణి మనసులో బాగా నాటుకుంది. అప్పటినుంచి గ్రౌండులోకి వచ్చాకే షూ వేసుకునేది, గేటు దాటకముందే విప్పేది.

తను ఎందుకు పరుగెత్తుతుందో మాత్రం ఆమె వాళ్ళిద్దరికీ చెప్పలేదు.

ఆమెది మర్రిగూడ వైపు ఊరు. బోరు నీళ్ళ ఊరు. తన పళ్ళ మీది గోధుమరంగు గీతలు అందరికీ ఉండేవే అని పదిహేడేళ్ళు వచ్చేదాకా అనుకుంది. బడిలో అందరి పళ్ళూ అట్లాగే ఉండేవి. ల్యాబు కోర్సు చదవడానికి నల్లగొండకు వచ్చాక, హాస్టల్లో ఒకమ్మాయి పళ్ళపొడి మార్చి చూడమని సలహా ఇచ్చినప్పుడు తెలిసింది. అప్పటినుంచి నవ్వు వస్తే పెదవులు మూసే నవ్వుతుంది.

పళ్ళది పెద్ద సంగతి కాదు. నాన్న బక్కయ్యకు ఇప్పుడు యాభై రెండు. మెడ తిరగదు. పక్కనున్న మనిషిని చూడాలంటే ఒళ్ళంతా తిప్పుకుని నిలబడాలి. కింద కూర్చోలేడు, కూర్చుంటే ఒకరు పట్టి లేపాలి. ఆయనకు మొదట కాళ్ళే పట్టుకున్నాయి. ముప్పై ఏళ్ళప్పుడు, నాగలి వదిలి గట్టు మీద కూర్చుని పిక్కలు పిసుక్కుంటుంటే అమ్మ కిష్టమ్మ పని తప్పించుకుంటున్నాడని దెప్పిందట. ఆ మాట గుర్తొచ్చి అమ్మ ఇప్పటికీ ఏడుస్తుంది. ఊళ్ళో క్యాంపు పెట్టినప్పుడు వచ్చిన డాక్టరు, నీళ్ళలోని ఫ్లోరైడు ఎముకల్లోకి దిగితే వెనక్కి తీసే మందు లేదని చెప్పి పోయాడు. సంధ్యారాణి ఆ నీళ్ళు పదిహేడేళ్ళు తాగింది.

అందుకని గ్రౌండులో ప్రతి పొద్దునా ఆమెకు ఒక పరీక్షలాంటిది. పరుగుకు ముందు నడుము వంచి కాలివేళ్ళు అందుకునేది. మెడను రెండు భుజాల మీదికీ తిప్పి చూసేది. గొంతుక్కూర్చుని, చేతులు ఆనించకుండా లేచేది. అవి వార్మప్ అని సూర్యప్రభ అనుకునేది. ఎనిమిది రౌండ్లు పూర్తయ్యాక ఆ రోజుకు పాసైనట్టు. మిగతా రోజంతా ల్యాబులో ఎంత నిలబడ్డా అలసట తెలిసేది కాదు. ఈ ఇరవై ఆరేళ్ళ వయసులో ఆమెకు ఇంకే ఆశా లేదని కాదుగానీ, కాళ్ళు బాగుంటే మిగతావి తర్వాత చూసుకోవచ్చని ఆమె నమ్మకం.

ఇప్పుడు ఆ కాలిలోనే నొప్పి.

అప్పటికి తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై మూడు వారాలు దాటింది. బడులు లేవు, ఆఫీసులు లేవు. ఆర్టీసీ వాళ్ళు కూడా సమ్మెలోకి దిగాక దిల్‌సుఖ్‌నగర్ డిపో గేటు ముందు టెంటు వేశారు. లోపల బస్సులు వరసగా దుమ్ము పట్టి నిలబడ్డాయి. షేర్ ఆటోలు నడిచిన రోజు పదిమందిని ఎక్కించుకునేవి, నడవని రోజు అవీ లేవు. ల్యాబుకు మాత్రం సెలవు లేదు. రోగాలకు సమ్మె ఉండదు గనక ఏడున్నరకు తలుపు తీయాల్సిందే. సంధ్యారాణి ఉండేది ఎల్బీ నగర్ చౌరస్తా దాటాక చింతలకుంటలో, ఒక గది కిరాయికి తీసుకుని. అక్కడినుంచి ల్యాబుకు ఆరు కిలోమీటర్లు. భుజానికి సంచి తగిలించుకుని, చున్నీ నడుముకు కట్టి, బయల్దేరేది. చిన్నప్పుడు హైస్కూలుకు పోయినట్టే పోయేది.

చౌరస్తాలో దీక్షా శిబిరం. ఒకరోజు రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటా వార్పు చేశారు. సాయంత్రం తిరిగి వస్తుంటే ఎవరో ఆడమనిషి పిలిచి విస్తరాకులో అన్నం, పప్పు పెట్టింది. నిలబడే తిని, ఆ మనిషి పేరైనా అడగకుండా వచ్చేసింది. నినాదాలు ఇవ్వడం ఆమెకు చేతకాదు గానీ, తెలంగాణ వస్తే తమ ఊరికి కృష్ణ నీళ్ళు వస్తాయన్న మాట మైకులో విన్నప్పుడల్లా ఆమె నడక కొంచెం మెల్లబడేది.

దసరా తర్వాతి ఆదివారం రామస్వామి సారు పెద్ద పరుగు పెట్టాడు. సమ్మె పుణ్యమా అని విజయవాడ హైవే ఖాళీగా ఉందనీ, ఇంత మంచి రోడ్డు మళ్ళీ దొరకదనీ ఆయన వాదన. ఎల్బీ నగర్ నుంచి హయత్‌నగర్ దాకా పోయి రావాలి. మామూలు రోజుల్లో ఆ రోడ్డు పక్కన నడవాలన్నా భయమే. ఆ రోజు మధ్యలో పరుగెత్తారు. సారు సైకిలు మీద వెనకాల వచ్చాడు.

"మంచిగనే ఉరుకుతున్నరు గానీ మేడం, గిట్లనే ఉరికి ఉరికి విజయవాడ దాకా పోకండ్రి," అన్నాడు.

"పోయినా మళ్ళీ పరుగెత్తే వస్తాలెండి మాస్టారూ. ఇల్లు ఇక్కడే కట్టుకున్నాం," అంది సూర్యప్రభ రొప్పుతూనే.

ఆయన గట్టిగా నవ్వాడు. ఆమె కూడా నవ్వింది గానీ ఆయనంత గట్టిగా కాదు. సంధ్యారాణికి ఆ మాటలు సగమే వినబడ్డాయి. ఆమె ధ్యాసంతా కాలి మీదే ఉంది. నొప్పి ఇప్పుడు మొదటి కిలోమీటరులోనే వస్తోంది, తగ్గడం లేదు. వనస్థలిపురం దాటాక అడుగు వేసిన ప్రతిసారీ తెలుస్తోంది. ఆగితే అడుగుతారు. అడిగితే చెప్పాలి. చెబితే పరీక్ష చేయించమంటారు. అందుకని ఆగలేదు. ఇంకొంచెం వేగం పెంచింది.

ఇంటికి పోయి బుక్కులో పద్నాలుగు అని రాసి పడుకుంది. లేచి నిలబడినప్పుడు ఎడమకాలు నేల మీద పూర్తిగా మోపలేకపోయింది.

నిజానికి ఎక్స్‌రే ఆమెకు ఎంతో దూరంలో లేదు. ల్యాబులో ఆమె రక్తం తీసే గదికి ఎదురుగానే ఉంది. దాన్ని చూసేది జానయ్య, చండూరు మనిషి. నల్లగొండ వాళ్ళెవరు వచ్చినా పది నిమిషాలు ఎక్కువ కూర్చోబెట్టి ముచ్చట పెడతాడు. ఆర్నెల్ల కిందట ఒక ముసలాయన ముంజేతి ఫిల్ము వెలుతురుకు పట్టి, "చూస్తవా చెల్లె, మన దిక్కోళ్ళ బొక్క ఎట్లుంటదో," అని చూపించాడు. ఎముక సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. రెండు ఎముకల మధ్య ఏమీ ఉండకూడని చోట కూడా ముళ్ళలాగా తెల్లగా పొడుచుకొచ్చింది. అప్పటినుంచి ఆ గది ముందునుంచి పోవాల్సి వచ్చినా ఆమె తల తిప్పుకునే పోతుంది. ఇప్పుడైతే, కుంటుతున్నది జానయ్య కంట పడకూడదని, అతను లోపల ఉన్నప్పుడే నడవా దాటేది.

సోమవారం గ్రౌండుకు పోయింది. బుధవారం కూడా పోయింది. ఎనిమిది రౌండ్లకు బదులు పది తిరిగింది. పదీ తిరగగలిగితే అది నాన్న రోగం కాదని ఆమె తనకు తాను పెట్టుకున్న గుర్తు. పళ్ళు బిగబట్టి తిరిగింది. రామస్వామి సారు బుక్కు చూసి వారానికి ఇరవై ఎనిమిది అయిందని మెచ్చుకున్నాడు. కాళ్ళు ఎట్లున్నయని అడిగితే మంచిగనే ఉన్నయని చెప్పింది.

గురువారం సూర్యప్రభ మూడు నెలల షుగరు పరీక్షకు ఏమీ తినకుండా ల్యాబుకు వచ్చింది. భర్త విశ్వేశ్వరరావు స్కూటరు మీద దింపిపోయాడు. ఇంకా తలుపు తీయలేదు. మెట్ల మీద కూర్చుని రోడ్డు వైపు చూస్తుంటే, చైతన్యపురి వైపునుంచి ఒక మనిషి పరుగెత్తుకుంటూ రావడం కనబడింది. భుజాన సంచి, నడుముకు చున్నీ, కాళ్ళకు రబ్బరు చెప్పులు. ఎడమకాలు పడ్డప్పుడల్లా ఒళ్ళు ఒక పక్కకు ఒరుగుతోంది. దగ్గరికి వచ్చేదాకా అది సంధ్యారాణి అని ఆమె పోల్చుకోలేకపోయింది.

ఎక్కడినుంచి వస్తున్నావని అడిగింది. ఇంటినుంచి అని చెప్పింది సంధ్యారాణి, తాళం తీస్తూ. రోజూ ఇట్లాగే వస్తున్నావా అంటే, బస్సులు లేవు గద అంది. సాయంత్రం పోయేటప్పుడో అంటే, సగం దూరం నడుస్తాననీ, చీకటి పడకముందే చేరాలి గనక సగం ఉరుకుతాననీ చెప్పింది. గ్రౌండుకు ఎట్లా వస్తున్నావంటే, అదీ అంతే.

సూర్యప్రభ చేయి చాపి కూర్చుంది. సూది గుచ్చుతున్నా ఈసారి మాట్లాడలేదు. లోపల ఏదో కూడుకుంటున్నట్టు పెదవులు కదుపుతోంది. దూది పెట్టాక అంది, "ల్యాబుకు రావడం ఆరు, పోవడంలో మూడు. రోజుకు తొమ్మిది. ఆరు రోజులు, యాభై నాలుగు. గ్రౌండుకు రానూ పోనూ ఐదు, నాలుగు రోజులు, ఇరవై. బుక్కులో రాసింది ఇరవై ఎనిమిది. వారానికి నూట రెండు కిలోమీటర్లే సంధ్యా. నాలుగు వారాల్నించీ. మరి బుక్కులో ఎందుకు రాయలేదు?"

సంధ్యారాణికి ఆ ప్రశ్న అర్థం కాలేదు.

"అది ఉరుకుడు కాదాంటీ. పోవుడు," అంది.

"పోవడమేంటే? కాళ్ళు నేలకు తగలకుండా పోతున్నావా?"

"పనికి పోవుడు ఆంటీ. మా ఊళ్ళె బడికి అట్లనే పోతుంటిమి. దాన్ని ఎవలు లెక్కపెడ్తరు?"

సూర్యప్రభ కోప్పడలేదు. ఆ అమ్మాయి నిజంగానే ఆ రెంటినీ ఎప్పుడూ కలిపి చూడలేదని ఆమెకు తెలిసిపోయింది. షూ వేసుకుని గుండ్రంగా తిరిగి మొదలుపెట్టిన చోటికే వస్తే అది పరుగు. చెప్పులేసుకుని ఒకచోటినుంచి ఇంకోచోటికి చేరితే అది పని. షూ అరగకూడదని చెప్పులతో పరుగెత్తుతున్నావా అని అడిగితే, అవునని తలూపింది. ఏ కాలు, ఎక్కడ, ఎన్నాళ్ళనుంచి అని ఒక్కొక్కటే అడిగింది. సంధ్యారాణి మొదట ఏం లేదంది. రెండోసారి అడిగాక సల్వారు అంచు పైకి లాగి చూపించింది. అక్కడ చిన్నగా వాచి ఉంది.

"లోపల ఎక్స్‌రే పెట్టుకుని ఇలా తిరుగుతున్నావా? పద."

"ఒద్దాంటీ."

"ఏం, ఎందుకొద్దు?"

ఆ వేళ ఇంకా వేరే ఎవరూ రాలేదు. సంధ్యారాణి రక్తం సీసా మీద పేరు రాసి, స్టాండులో పెట్టి, చేతులు కడుక్కుంది. తర్వాత నిలబడే చెప్పింది. నాన్న మెడ సంగతి, గట్టు మీద పిక్కలు పిసుక్కున్న సంగతి, జానయ్య చూపించిన ఫిల్ము సంగతి. పళ్ళు చూపించింది, ఎవరికీ ఎప్పుడూ చూపించనట్టుగా, పెదవి పైకెత్తి. ఫోటో తీస్తే తెల్లగా కనబడుతుందనీ, ఒకసారి కనబడ్డాక ఇక పొద్దున లేచి ఏ మొహంతో గ్రౌండుకు రావాలనీ అంది.

రెండేళ్ళుగా సూర్యప్రభ పరుగు మధ్యలో ఊరి కబుర్లు చెబుతూనే ఉంది. తమ ఇంటి వెనకనుంచే కాలువ పోతుందనీ, దోసిలితో తాగితే ఆ నీళ్ళు కొబ్బరినీళ్ళలా ఉంటాయనీ ఎన్నిసార్లు చెప్పిందో. ఆ కాలువలోకి వచ్చేదీ కృష్ణ నీళ్ళే. ఈ పిల్ల అన్నిసార్లూ వింది, ఒక్కసారీ మారుమాట అనలేదు. ఇప్పుడది తలుచుకుంటే చెంగుతో మొహం తుడుచుకోవాలనిపించింది సూర్యప్రభకు. క్షమించమని అడగడానికి అది ఆమె చేసిన తప్పూ కాదు.

"తెల్లగా ఉంటే ఉండనీ," అంది చివరికి. "అది ఫోటో తీసినందుకు వచ్చేది కాదుగా. ఉంటే ఇప్పుడూ ఉన్నట్టే. నా షుగరు కూడా నువ్వు రక్తం తీశాక వచ్చింది కాదు."

ల్యాబులో పనిచేసే సంధ్యారాణికి ఆ మాట తగిలింది. రిపోర్టు తీసుకోవడానికి భయపడి రెండు రోజులు ఆలస్యంగా వచ్చేవాళ్ళను ఆమె రోజూ చూస్తూనే ఉంటుంది. వాళ్ళ మీద లోపల్లోపల విసుక్కుంటుంది కూడా.

జానయ్య తొమ్మిదింటికి వచ్చాడు. అప్పుడే కరెంటు పోయింది. సింగరేణిలో బొగ్గు తవ్వకం ఆగిపోయి ఊరంతా కోతలు నడుస్తున్న రోజులవి. జనరేటరు మీద ఎక్స్‌రే మిషను నడవదు. పదకొండు దాకా ఆగాల్సి వచ్చింది. సూర్యప్రభ ఇడ్లీ తెప్పించుకుని తిని, మళ్ళీ వచ్చి బల్ల మీద కూర్చుంది. కరెంటు రాగానే జానయ్య పిలిచి, కాలు బల్ల మీద పెట్టించి, రెండు వైపులనుంచీ తీశాడు.

"ముంజేయి గూడ తీయే అన్నా," అంది సంధ్యారాణి.

జానయ్య ఆమె మొహంలోకి చూశాడు. ఎందుకని అడగలేదు. చేయి తీసుకుని పలక మీద పరిచి, వేళ్ళు సవరించి, ఊపిరి తీసుకోమని చెప్పాడు. ముంజేతికి ఊపిరితో పనిలేదు.

ఫిల్ము కడిగి తెచ్చి ముందు తనే వెలుతురుకు పట్టుకున్నాడు. సంధ్యారాణి గోడకు ఆనుకుని నిలబడింది. ముందు ముంజేయి చూశాడు. తిప్పి ఇంకోసారి చూశాడు. "జర ఇటు రా చెల్లె," అని పిలిచి, రెండు ఎముకల మధ్య నల్లటి ఖాళీని వేలితో చూపించాడు. అక్కడ ఏమీ లేదు. శుభ్రంగా ఉంది. తర్వాత కాలి ఫిల్ము పెట్టాడు. ముందరి ఎముక అంచున, గోరుతో గీసినట్టు సన్నటి గీత.

పై అంతస్తులో ఎముకల డాక్టరు రెండు ఫిల్ములూ చూసి విషయం నాలుగు మాటల్లో తేల్చేశాడు. ఫ్లోరైడు పళ్ళలో ఉంది, ఎముకల్లో ఇప్పటికైతే ఏమీ కనబడటం లేదు. మంచినీళ్ళే తాగాలి, పాలు తాగాలి, రెండేళ్ళకోసారి చూపించుకోవాలి. కాలిలోది వేరే. అది అతిగా వాడితే పడే పగులు. ఎముక అరుగుతుంది, విశ్రాంతిలో మళ్ళీ కట్టుకుంటుంది, కట్టుకునే వ్యవధి ఇవ్వకపోతే చీలుతుంది. ఇంకో వారం ఇట్లాగే పరుగెత్తితే రెండు ముక్కలయ్యేదని చెప్పాడు. ఎనిమిది వారాలు పరుగు లేదు, నడక కూడా అవసరానికి మాత్రమే. ఆ తర్వాత మళ్ళీ ఫోటో.

సంధ్యారాణి వేళ్ళ మీద లెక్కపెట్టింది. నవంబరు ఆఖరి ఆదివారానికి ఆరు వారాల మూడు రోజులవుతుంది. డాక్టరును రెండోసారి అడగలేదు.

రామస్వామి సారుకు సూర్యప్రభే చెప్పింది. ఆయన శుక్రవారం సంధ్యారాణి బుక్కు ముందేసుకుని పేజీలన్నీ తిరగేశాడు. ముప్పై ఏళ్ళు పల్లెటూరి పిల్లల్నే ఉరికించాననీ, ఊరినుంచి బడికి ఎట్ల ఒస్తున్నవని అడగకుండ ఏ ఒక్కనికీ పరుగు పెట్టలేదనీ, పట్నం వచ్చినంక ఆ అడుగుడు మర్చిపోయిననీ అన్నాడు. తన సంతకాల మీద అడ్డంగా ఒక గీత గీసి బుక్కు తిరిగి ఇచ్చాడు.

విశ్రాంతి అంటే ఏమిటో సంధ్యారాణికి తెలియదు. వాళ్ళింట్లో ఒంట్లో బాగోలేనివాళ్ళు పడుకునేవాళ్ళు, బాగున్నవాళ్ళు పనిచేసేవాళ్ళు. బాగుండి కూర్చోవడం ఆమె ఎవరినీ చూడలేదు. మొదటి వారం విశ్వేశ్వరరావు స్కూటరు మీద ల్యాబుకు దింపాడు. ఆయన దారిలో ఒక్క మాట మాట్లాడేవాడు కాదు, అది ఆమెకు హాయిగా ఉండేది. ఆ తర్వాత బస్సులు తిరగడం మొదలయ్యాయి. తెల్లవారుజామున నాలుగున్నరకే మెలకువ వచ్చేది. ఏం చేయాలో తోచక మంచం మీద కూర్చుని మెడ అటూ ఇటూ తిప్పి చూసుకునేది. మూడో వారానికి తిప్పి చూసుకోవడం మర్చిపోయింది. అట్లా మర్చిపోయినట్టు కూడా ఆమెకు చాలా రోజులదాకా తెలియలేదు.

నాన్నకు ఫోనులో చెప్పింది. పొద్దుగాల ఉరుకుతుంటె అనుమానమొచ్చి చేయి ఫోటో తీయించుకున్న, మంచిగుంది అని. "అయితే నువ్వు రోజు ఉరుకుతున్నవా బిడ్డా?" అని అడిగాడు బక్కయ్య. ఆయనకు అంతవరకూ తెలియదు. ఇప్పుడు లేదు, కాలు పలిగింది అంది. "మానంగనే ఉరుకు. మానకముందు ఉరకకు," అన్నాడు ఆయన. ఆ మాట డాక్టరూ చెప్పాడు, సారూ చెప్పాడు. అయినా ఆ రోజు ఆమె మళ్ళీ కొత్తగా విన్నట్టు విన్నది.

పరుగు రోజు దగ్గరపడేకొద్దీ సూర్యప్రభ మొరాయించింది. నువ్వు లేకుండా నేనెళ్ళనంది. ఒక్కదాన్నీ గంటంబావు నోరు మూసుకుని పరుగెత్తడం తన వల్ల కాదంది. మూడోనాడు సంధ్యారాణి, ఎనిమిదో కిలోమీటరు దగ్గర తను నిలబడతాననీ, అక్కడిదాకా వస్తే చాలనీ చెప్పింది.

ఆ ఆదివారం ఆమె, రామస్వామి సారు ఆటోలో పోయి ఎనిమిదో కిలోమీటరు బోర్డు పక్కన ఫుట్‌పాత్ మీద నిలబడ్డారు. హుస్సేన్‌సాగర్ మీదినుంచి చల్లటి గాలి. ముందు వేగంగా పోయేవాళ్ళు పోయారు, తర్వాత మామూలు వాళ్ళు. సంధ్యారాణి కాళ్ళు ఆమెకు తెలియకుండానే ఆ అడుగుల చప్పుడుకు కదులుతున్నాయి. నొప్పి పోయి రెండు వారాలైంది. నొక్కినా తెలియడం లేదు.

సూర్యప్రభ వచ్చేసరికి గంట దాటింది. మొహం ఎర్రబడింది. బోర్డు దగ్గరికి రాగానే నిలబడిపోయి, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుంది.

"అయిపోయిందే. ఇంక నా వల్ల కాదు. నువ్వు రా, రెండు కిలోమీటర్లేగా, మెల్లిగా పోదాం. నువ్వు పక్కనుంటే పోతాను. లేకపోతే ఇక్కడే ఆటో ఎక్కుతా."

సంధ్యారాణి ఫుట్‌పాత్ దిగింది. సూర్యప్రభ కదిలింది. ఆమె పక్కనే సంధ్యారాణి ఒక అడుగు, రెండడుగులు వేసింది. నడక కాదు, పరుగే. మూడు, నాలుగు. కాలు నేలను తాకుతున్న చప్పుడు చెవికి ఎంత బాగుందో. ఎక్కడా ఏమీ నొప్పి లేదు. రెండు కిలోమీటర్లేమిటి, పది పోవచ్చనిపించింది. అట్లా అనిపించగానే ఆగిపోయింది.

"నేను రానాంటీ," అంది.

"నొప్పిగా ఉందా?"

"లేదు. గీత ఇంకా కట్టుకోలేదు. మీరు పోండ్రి."

సూర్యప్రభ వెనక్కి తిరిగి చూసింది. ఆ మొహంలో కోపం ఉంది, కష్టం ఉంది. ఇంకా ఏదైనా అంటుందేమో అనుకుంది సంధ్యారాణి. కానీ ఆమె రామస్వామి సారు చేతిలోని నీళ్ళ సీసా లాక్కుని, రెండు గుక్కలు తాగి, మిగిలింది నెత్తి మీద పోసుకుంది. "మాటిచ్చి పిలిపించి ఇక్కడ వదిలేస్తావా, దొంగమొహమా," అని, నడక మొదలుపెట్టింది. ముప్పై గజాలు నడిచి, చున్నీ బిగించి, మెల్లగా పరుగందుకుంది. రోడ్డు మలుపు తిరిగేదాకా ఆగలేదు.

"నాలుగు అడుగులు ఏసినవ్," అన్నాడు రామస్వామి సారు.

"ఏసిన సార్."

"నొచ్చిందా?"

"లేదు."

ఆయన తలూపి, ఆటో కోసం రోడ్డు చివరికి నడిచాడు. డాక్టరు చెప్పిన దానికి ఇంకా పదకొండు రోజులున్నాయి. సంధ్యారాణి ఫుట్‌పాత్ అంచు మీద కాలు చాపుకుని కూర్చుంది. ఇంకా చాలామంది వెనకబడినవాళ్ళు వస్తూనే ఉన్నారు.